బటాన్ వార్డుల్లో ఎవరున్నారు, తెర మీదికి ఎవరొచ్చారు

మిత్రులందరికీ నమస్కారం.

‘సో ప్రౌడ్లీ వుయ్ హెయిల్’ 1943లో పారమౌంట్ వాళ్లు తీసిన సినిమా. దర్శకుడు మార్క్ శాండ్రిచ్. మనమంతా ఇప్పుడే చూశాం గానీ, ఈ మాటల్ని తర్వాత కాగితం మీద చదివేవాళ్లు కూడా ఉంటారు కాబట్టి కథ రెండు ముక్కల్లో చెప్పేసి ముందుకెళ్తాను. 1941 డిసెంబర్‌లో ఓడ మీద హవాయికి వెళ్తున్న అమెరికన్ ఆర్మీ నర్సులు కొందరు, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరగడంతో దారి మళ్లి ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌కి చేరతారు. అక్కడ తిండి లేక, మందుల్లేక, నెత్తిన బాంబులు పడుతుంటే హాస్పిటల్ నడుపుతారు. అక్కణ్ణించి కొరెగిడార్ దీవికి, చివరికి ఆస్ట్రేలియాకి తప్పించుకుంటారు. క్లాడెట్ కోల్బెర్ట్, పాలెట్ గోడార్డ్, వెరోనికా లేక్, ముగ్గురూ అప్పటికి పెద్ద స్టార్లు. నాలుగు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, అందులో ఒకటి గోడార్డ్‌కి సహాయ నటిగా.

ఈ సినిమా అంటే నాకు నిజంగా ఇష్టం. ఇవాళ నేను చెప్పబోయేదాన్ని ‘పాత సినిమాని ఇప్పటి కళ్లతో తిట్టడం’ అనుకోకండి. యుద్ధం మధ్యలో, ఇంకా ఎవరు గెలుస్తారో తెలియని రోజుల్లో, రెండు గంటల సినిమా మొత్తం ఆడవాళ్ల భుజాల మీద పెట్టడం చిన్న సంగతి కాదు. ఆ కాలపు యుద్ధ సినిమాల్లో ఆడది అంటే ఇంటి దగ్గర ఉత్తరం కోసం ఎదురుచూసే మనిషి. ఇక్కడ అలా కాదు. కోల్బెర్ట్ వేసిన డేవిడ్‌సన్ పాత్ర ఆర్డర్లు వేస్తుంది, ఎవరిని ఏ వార్డుకి పంపాలో తేలుస్తుంది, తప్పులు కూడా చేస్తుంది. ‘మా’ (అంటే అమ్మ) మెక్‌గ్రెగర్ అని అందరూ పిలిచే వయసు మళ్లిన హెడ్ నర్సు ఉంది చూడండి, కొడుకు తన కళ్లముందే పోతే కూడా నిలబడి డ్యూటీ చేసిన మనిషి, ఆమె లాంటి పాత్రకి అంత చోటు ఇవ్వడం ఇప్పటి సినిమాల్లో కూడా అరుదే. ఒకతె సరదా మనిషి, ఒకతె లోపల్లోపల రగిలిపోయే మనిషి, ఒకతె భయస్తురాలు. స్వభావాల్లో, వయసుల్లో తేడాలు బాగా చూపించారు.

మరి మనుషుల్లో తేడాలు? జాతి, రంగు, దేశం? అక్కడికొచ్చేసరికి సినిమా ఆగిపోయింది. చెప్పుకోదగ్గ నర్సు పాత్రలన్నీ తెల్లవాళ్లవే.

దీనికి మనం వెంటనే అనే మాట ఒకటుంది, ‘ఆ రోజులే అంతండీ’ అని. నేను ఇవాళ ప్రధానంగా ఆ మాటతోనే పోట్లాడదామని వచ్చాను. ఎందుకంటే ఆ రోజులు అంత కాదు. ఆ రోజుల్లోనే, అదే బటాన్‌లో, అదే హాలీవుడ్‌లో, వేరేగా ఆలోచించినవాళ్లు ఉన్నారు, వేరేగా చేసి చూపించినవాళ్లు కూడా ఉన్నారు.

ముందు బటాన్ సంగతి చూద్దాం. ఫిలిప్పీన్స్ 1898 నుంచి అమెరికా చేతిలో ఉన్న దేశం. 1941 జూలైలో అమెరికా ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ ఆర్డర్ మీద ఫిలిప్పీన్స్ సైన్యాన్ని అమెరికన్ సైన్యంలోకి తీసుకున్నారు, జనరల్ మెకార్థర్ కింద పెట్టారు. 1942 ఏప్రిల్ 9న బటాన్ లొంగిపోయినప్పుడు జపాన్ వాళ్లకి చిక్కినవాళ్లు 75 వేల పైమాటే. అందులో అమెరికన్లు పదిపన్నెండు వేల మంది, మిగతా అంతా ఫిలిప్పినోలే. అంటే ఆ యుద్ధంలో ఆరేడుగురు సైనికులుంటే ఒక్కడు అమెరికన్. ఆ హాస్పిటళ్లలో మంచాల మీద పడుకున్నవాళ్లలో ఫిలిప్పినోలు ఎంతమంది ఉండి ఉంటారో మీరే ఊహించండి. మంచాలు అన్నాను గానీ, రెండో నంబర్ హాస్పిటల్‌లో వార్డు అంటే గోడలు, కప్పు ఏమీ లేవు, అడవిలో చెట్ల కింద వరసగా పరుపులు, పడకలు. వేల మంది. మలేరియా, విరేచనాలు, కుళ్లిన గాయాలు. జనవరి నుంచే రేషన్ సగానికి కోసేశారు, మార్చికల్లా ఇరవై ఆరో కావల్రీ అనే గుర్రపు దళం గుర్రాల్ని కోసి వండుకు తిన్నారు. ఆ కావల్రీ కూడా ఫిలిప్పీన్ స్కౌట్ల దళమే, అంటే ఫిలిప్పినో సైనికులదే.

ఆ వార్డుల్లో అమెరికన్ నర్సుల పక్కనే ఫిలిప్పినో నర్సులు పనిచేశారు. ఇదేదో ఆశ్చర్యం కాదు. అమెరికన్లే అక్కడ నర్సింగ్ స్కూళ్లు పెట్టి, 1906-07 నుంచి తమ పద్ధతిలో, ఇంగ్లీషులో పాఠాలు చెప్పి తయారుచేశారు వాళ్లని. అదే ట్రైనింగ్, అవే కట్లు, అవే బాంబులు, అదే మలేరియా.

1942 ఏప్రిల్ 8 సాయంత్రం. మర్నాడు బటాన్ పడిపోతుందని అందరికీ అర్థమైంది. అమెరికన్ నర్సుల్ని వెంటనే కొరెగిడార్‌కి పంపించెయ్యమని ఆర్డర్ వచ్చింది. రెండో హాస్పిటల్‌లో నర్సులందరికీ పెద్ద జోసఫీన్ నెస్బిట్ అనే ఆవిడ. చిన్న నర్సులు ‘మామా జోసీ’, అంటే అమ్మ జోసీ, అని పిలిచేవాళ్లు. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, మరి నా ఫిలిప్పినో నర్సుల సంగతేంటి? ఆర్డర్ అమెరికన్ నర్సులకి మాత్రమే అన్నారు. అయితే వాళ్లు రాకపోతే నేనూ రాను అంది. సైన్యంలో ఆర్డర్‌కి ఎదురు చెప్పడం, అదీ అటువంటి రాత్రి, మాటలు కాదు. పైవాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది, మాట్లాడారు, చివరికి అందరూ కలిసే వెళ్లారు.

ఈ సీన్ సినిమాలో లేదు. ఏ సినిమా రచయితకైనా దీన్ని మించిన సీన్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? టెన్షన్ ఉంది, టైమ్ లేదు, పెద్దాఫీసరుకి ఎదురుగా ఒక నర్సు నిలబడి ఉంది, వెనక ట్రక్కులు సిద్ధంగా ఉన్నాయి. నర్సులు శత్రువు నుంచి తప్పించుకోవడం సినిమాలోనూ పెద్ద ఘట్టమే. అక్కడ మనకి చూపించింది వెరోనికా లేక్ పాత్ర ఒలీవియా, గ్రెనేడ్ పిన్ను లాగి జాకెట్లో పెట్టుకుని జపాన్ సైనికుల వైపు నడిచి వెళ్లడం. అది కల్పన. బాగా తీసిన కల్పన, కాదనను, చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. కానీ నాకు మాత్రం నెస్బిట్ చేసిందే ఎక్కువ ధైర్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఆవిడ చావడానికి కాదు, తనతో పనిచేసినవాళ్లని బతికించడానికి నిలబడింది.

సినిమాలో ఫిలిప్పినోలు అసలు లేరా అంటే ఉన్నారు. హోసే బార్డియా అనే డాక్టర్ పాత్ర ఉంది, గౌరవంగానే రాశారు. అయితే ఆ పాత్ర వేసింది టెడ్ హెక్ట్ అనే తెల్ల అమెరికన్ నటుడు. ఫిలిప్పినో డాక్టర్ ఉండొచ్చు, గొప్పవాడై ఉండొచ్చు, కానీ ఆ మొహం మాత్రం ఫిలిప్పినో మొహం కాకూడదు! ఇది నాకు కోపం తెప్పించే విషయం. కాలిఫోర్నియాలో ఆ రోజుల్లో ఫిలిప్పినోలు వేలల్లో ఉన్నారు, పొలాల్లో పనిచేసేవాళ్లు, హోటళ్లలో పనిచేసేవాళ్లు, సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేసేవాళ్లు కూడా. మనుషులు దొరక్క కాదు.

దొరుకుతారని అదే ఏడాది ఇంకో కంపెనీ చూపించింది. 1943లోనే ఎంజీఎం వాళ్లు ‘బటాన్’ అనే సినిమా తీశారు, టే గార్నెట్ దర్శకుడు. అది సైనికుల కథ. పదమూడు మంది దళంలో ఫిలిప్పినో పాత్రలకి ఫిలిప్పినో నటులు, అలెక్స్ హేవియర్, రోకే ఎస్పిరిటూ. క్యూబా నుంచి వచ్చిన డెసీ ఆర్నాజ్ రమీరెజ్ అనే సైనికుడిగా. అన్నిటికన్నా పెద్ద సంగతి, కెనెత్ స్పెన్సర్ అనే నల్లజాతి నటుడు వెస్లీ ఎప్స్ అనే సైనికుడిగా, తెల్లవాళ్ల పక్కన సమానంగా తుపాకీ పట్టుకుని కనిపిస్తాడు. అసలు సైన్యంలో అప్పుడు నల్లవాళ్లకి వేరే దళాలు, తెల్లవాళ్లకి వేరే దళాలు. అంటే సైన్యం చెయ్యని పని సినిమా చేసింది! 1942లో నల్లజాతివాళ్ల హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్‌కి వెళ్లి స్టూడియో పెద్దల్ని కూర్చోబెట్టి, నల్లవాళ్లని నౌకర్లుగా, కోతి చేష్టలకి మాత్రమే చూపించడం మానండి అని గట్టిగా అడిగాడు. అప్పటి గాలి అలా వీస్తోంది. వార్ ఇన్ఫర్మేషన్ ఆఫీసు అనే ప్రభుత్వ సంస్థ కూడా స్టూడియోల స్క్రిప్టులు చదివి, ఈ యుద్ధం ప్రజాస్వామ్యం కోసం, రకరకాల మనుషులు కలిసి చేస్తున్న యుద్ధం అని చూపించండని చెబుతూ ఉండేది.

అదే 1943 చివర్లో ఎంజీఎం నుంచి ‘క్రై హావక్’ వచ్చింది. అదీ బటాన్ నర్సుల కథే, దాదాపు అందరూ ఆడవాళ్లే ఉన్న సినిమా. అందులో నర్సులతో పాటు సాయం చెయ్యడానికి వచ్చిన అమ్మాయిల్లో లూయిసిటా అని ఒక ఫిలిప్పినో అమ్మాయి ఉంటుంది, వేసింది ఫెలీ ఫ్రాంక్వెల్లీ, ఆవిడ ఫిలిప్పినోనే. చిన్న వేషమే. పెద్దగా రాయలేదు కూడా. అయినా ఒక పేరు, ఒక మొహం ఉన్నాయి. కాబట్టి ‘ఆ రోజులే అంత’ అని ఎవరన్నా అంటే, ఈ రెండు సినిమాలూ అదే ఏడాదివే అని చెప్పండి చాలు.

ఇక నల్లజాతి నర్సుల సంగతి. సినిమాలో లేకపోవడానికి కారణం సినిమావాళ్లు మాత్రమే కాదు, బటాన్‌కి వాళ్లని ఎవరూ పంపలేదు. ఇక్కడ తప్పు సైన్యానిది. 1941లో ఆర్మీ నర్స్ కోర్‌లోకి నల్లజాతి నర్సుల్ని తీసుకోవడం మొదలుపెట్టినప్పుడు పెట్టిన కోటా ఎంతో తెలుసా? 56. మొత్తం దేశానికి 56. వాళ్లని కూడా లూసియానాలో క్యాంప్ లివింగ్‌స్టన్‌కి, నార్త్ కరోలినాలో ఫోర్ట్ బ్రాగ్‌కి, నల్ల సైనికుల వార్డులకే పంపారు. తర్వాత కోటా కొంచెం కొంచెం పెంచారు గానీ, యుద్ధం నడిమధ్యలో ఈ నర్సుల్లో కొందరికి ఇచ్చిన పని ఏమిటంటే అమెరికాకి పట్టుకొచ్చిన జర్మన్ యుద్ధ ఖైదీలకి సేవ చెయ్యడం. తమ దేశపు తెల్ల సైనికుడి ఒంటి మీద చెయ్యి వెయ్యకూడదు, హిట్లర్ సైనికుడికి కట్టు కట్టొచ్చు. ఆ నర్సులకి ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తే నాకు కడుపు రగిలిపోతుంది. రక్తం సంగతి ఇంకా ఘోరం. రెడ్‌క్రాస్ మొదట నల్లవాళ్ల రక్తం తీసుకోనే లేదు, 1942 జనవరిలో తీసుకుంటాం గానీ విడిగా పెడతాం అంది. ఇప్పుడు చూసిన సినిమాలో ప్లాస్మా సీసాలు కనిపించినప్పుడు ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

దీని మీద ఏళ్ల తరబడి పోరాడింది మేబుల్ కీటన్ స్టాపర్స్. బార్బడోస్‌లో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వచ్చి, నర్సు అయ్యి, నల్లజాతి గ్రాడ్యుయేట్ నర్సుల జాతీయ సంఘాన్ని నడిపిన మనిషి. 1944 నవంబర్‌లో ప్రెసిడెంట్ భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్‌ని కలిసి, క్యాంపుల్లో ఏం జరుగుతోందో ఒక్కొక్కటీ చెప్పింది. 1945 జనవరిలో ప్రెసిడెంట్ కాంగ్రెస్‌తో, సైన్యానికి నర్సులు సరిపోవడం లేదు, నర్సుల్ని డ్రాఫ్ట్ చేసి, అంటే తప్పనిసరిగా చేర్చి తీసుకుందాం అన్నాడు. సైన్యంలో వైద్య విభాగం పెద్ద నార్మన్ కిర్క్ కూడా అదే పాట. న్యూయార్క్‌లో మీటింగ్ జరుగుతుంటే స్టాపర్స్ లేచి నిలబడి, నర్సులు అంత కరువైతే మా వాళ్లని ఎందుకు తీసుకోవడం లేదు అని సూటిగా అడిగింది. వేలమంది నల్లజాతి నర్సులు లైసెన్సులు చేతిలో పట్టుకుని ఉన్నారు, సైన్యంలో ఉన్నది కొన్ని వందలు, నేవీలో ఒక్కరూ లేరు. ఆ ప్రశ్నకి జవాబు లేదు. దేశం నలుమూలల నుంచి టెలిగ్రాములు వచ్చి పడ్డాయి. ఆ నెలలోనే కోటా ఎత్తేశారు. మార్చిలో ఫిలిస్ మే డేలీ నేవీలో చేరిన మొదటి నల్లజాతి నర్సు అయింది.

ఆ పోరాటం అంతా జరుగుతున్నప్పుడు ఈ సినిమా దేశమంతా ఆడుతోంది. దీన్ని చూసి చాలామంది అమ్మాయిలు నర్సులవ్వాలని ఆశపడి ఉంటారు. అందులో నల్ల అమ్మాయిలూ ఉంటారు కదా. వాళ్లకి తెర మీద తమలాంటి మనిషి కనపడలేదు, రిక్రూట్‌మెంట్ ఆఫీసుకి వెళ్తే కోటా నిండిపోయింది అన్నారు. ఒకదానికొకటి వంత పాడినట్టు ఉంది.

జపాన్ వాళ్ల గురించి కూడా ఒక మాట. ఈ సినిమాలో శత్రువుకి పేరు లేదు, మొహం లేదు. యుద్ధం మధ్యలో తీసిన సినిమా, ఆ కోపం నేను అర్థం చేసుకోగలను. ఆ టైమ్‌కి అమెరికాలోనే పుట్టిన జపాన్ సంతతి వాళ్లతో సహా లక్షా 20 వేల మందిని ముళ్లకంచెల వెనక క్యాంపుల్లో పెట్టారు, అందుకే హాలీవుడ్‌లో జపాన్ వేషాలు చైనా, కొరియా సంతతి నటులే వేసేవాళ్లు. అయినా ఒక్క చోట ఈ సినిమా తనకి తెలియకుండానే కొంచెం మెత్తబడుతుంది. ఒలీవియా తనకి నిశ్చయమైన పెళ్లికొడుకుని పెర్ల్ హార్బర్‌లో పోగొట్టుకుంది. గాయపడ్డ జపాన్ ఖైదీల వార్డులో డ్యూటీ కావాలని అడుగుతుంది, వాళ్లని చంపుదామని. తీరా అక్కడికి వెళ్లాక చంపలేకపోతుంది. నర్సు అనే మనిషి ఎవరో ఆ ఒక్క సీన్‌లో తెలిసిపోతుంది. నాకు ఈ సినిమా మొత్తంలో నచ్చిన సీన్ అదే.

అసలు నర్సులు ఈ సినిమా గురించి ఏమనుకున్నారు అని ఇందాక ఒకరు అడిగారు. ఈ కథకి ఆధారం బటాన్ నుంచి బయటపడ్డ జువనీటా రెడ్‌మండ్ అనే నర్సు రాసుకున్న జ్ఞాపకాలు. ఆవిడతో పాటే విమానంలో తప్పించుకొచ్చిన యూనిస్ హాచిట్ ఈ సినిమాకి సాంకేతిక సలహాదారుగా పనిచేసింది. ఆవిడకి ఈ ప్రేమకథల గొడవ అస్సలు నచ్చలేదు. నల్ల నైట్‌గౌన్ ఒకటి పట్టుకుని బటాన్ అంతా తిరిగే గోడార్డ్ పాత్ర చూస్తే, మలేరియాతో వణుకుతూ పద్దెనిమిది గంటలు నిలబడిన మనిషికి మండదా మరి? ఇంకొకటి గమనించండి. సినిమా థియేటర్లకి వచ్చేనాటికి అసలు నర్సులు చాలామంది ఇంకా ఇంటికి చేరలేదు. 66 మంది ఆర్మీ నర్సులు, 11 మంది నేవీ నర్సులు, మొత్తం 77 మంది జపాన్ వాళ్ల చేతిలో ఖైదీలు. ఆర్మీ వాళ్లు మనీలాలో శాంటో టోమస్ క్యాంపులో 1945 ఫిబ్రవరి 3 దాకా ఉన్నారు. ఆ క్యాంపులో కూడా హాస్పిటల్ నడిపారు, ఆకలితో ఎముకల గూళ్లయిపోయి కూడా డ్యూటీ చార్ట్ ఆపలేదు. 77 మందీ బతికి బయటపడ్డారు. వాళ్ల నాయకురాలు మాడ్ డేవిసన్‌కి దక్కాల్సిన పెద్ద పతకం 2001లో, ఆవిడ పోయిన ఎన్నో ఏళ్లకి ఇచ్చారు. తెల్ల నర్సులకే అంత ఆలస్యం అయితే, వాళ్ల పక్కన పనిచేసిన ఫిలిప్పినో నర్సుల పేర్లు ఎవరు గుర్తుపెట్టుకున్నారు?

ఇదంతా ఎనభై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడెందుకు అనేవాళ్లకి చెప్తాను. తెర మీద ఎవరున్నారు అనేది తెర దగ్గర ఆగదు. 1946లో అమెరికన్ కాంగ్రెస్ ఒక చట్టం చేసి, తమ సైన్యంలో పనిచేసిన ఫిలిప్పినో సైనికుల్లో ఎక్కువమందికి మాజీ సైనికుల హక్కులు లేకుండా చేసింది. జనం కళ్లముందు బటాన్ అంటే అమెరికన్ మొహాలే ఉన్నప్పుడు ఆ చట్టం దాటించడం తేలికే కదా. 2009లో గానీ వాళ్లకి కొంత డబ్బు చేతికి రాలేదు, అమెరికా పౌరులకి 15 వేల డాలర్లు, కానివాళ్లకి 9 వేలు. అప్పటికే ఎక్కువమంది పోయారు.

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లని అడగండి, ఏ ఊళ్లో హాస్పిటల్‌కి వెళ్లినా ఫిలిప్పినో నర్సు కనిపిస్తుంది. 1948 నుంచి వాళ్లని వేలల్లో రప్పించుకుంటూనే ఉన్నారు. అక్కడి నర్సుల్లో వాళ్లు నూటికి నలుగురు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు, చనిపోయిన నర్సుల్లో దాదాపు మూడో వంతు వాళ్లే అని అక్కడి నర్సుల యూనియన్ లెక్కతీసి చెప్పింది. ఐసీయూల్లో, మంచం పక్కన ఉండే డ్యూటీల్లో ఎక్కువగా వాళ్లే ఉన్నారు మరి. ఇవాళ్టికీ వాళ్ల మీద హాలీవుడ్‌లో వచ్చిన పెద్ద సినిమా ఏదో మీరు చెప్పండి.

వచ్చే నెల ‘క్రై హావక్’ వేద్దామని కార్యదర్శి గారితో ఇందాకే మాట్లాడాను, ఆయన సరే అన్నారు. అది చూసేటప్పుడు లూయిసిటాకి ఎన్ని మాటలు రాశారో, ఎన్నిసార్లు కెమెరా ఆమె మొహం మీద ఆగిందో ఎవరన్నా కాగితం మీద రాసుకోండి, మాట్లాడుకుందాం. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి, వెనక వరసలో చెయ్యెత్తిన అమ్మాయితో మొదలుపెడదాం.